ఆముదం దీపం నుంచి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ దాకా: తెర మీద వెలుతురు కథ



మన సంఘం డబ్బుతో ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ కొందామా వద్దా అని పదైదు రోజులుగా రచ్చకట్ట దగ్గర మాట నడుస్తా ఉంది. ఒకరేమో "ఇంటింటికీ టీవీ ఉంటే ఇదెందుకు" అంటారు. ఇంకొకరు "డబ్బా మీద 9,000 ల్యూమెన్లు అని రాసినారు, పట్టపగలు మాదిరి కనపడుతుందంట" అంటారు. మా మేనల్లుడు పట్నం నుంచి అట్లాంటిదొకటి తెచ్చినాడు. నాలుగు రాత్రులు దాన్ని దగ్గరుండి చూసినా. నాకేమనిపించిందో రాస్తా.

అయితే దానికి ముందు పాత కథ కొంచెం చెప్పాల. గుడ్డ మీద వెలుతురు వేసి జనానికి బొమ్మ చూపించడం ఈపొద్దు పుట్టిన విద్య కాదు. కాలం మారేకొద్దీ దీపం మారింది. దీపం మారినప్పుడల్లా బొమ్మ ఎవరి చేతిలో ఉంది, చూసేవాళ్లు ఎట్లా కూర్చున్నారు అనేది కూడా మారింది. ఆ లెక్క తెలిస్తే కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి.

ఆముదం దీపం

మన పక్క తెర అంటే మొదట తోలుబొమ్మలాట తెరే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఇప్పటికీ ఆ బొమ్మలకు పేరున్న ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పనితనం ఒకసారి ఆలోచించండి. తోలును బాగా గీకి, అవతలి వెలుతురు ఇవతలికి కనపడేంత పల్చగా చేస్తారు. దాని మీద రంగులు వేస్తారు. నగలు, జరీ అంచులు మెరిసేటట్టు సన్నగా చిల్లులు కొడతారు. తెల్లగుడ్డ కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, బొమ్మను గుడ్డకు ఆనించి ఆడిస్తారు. వెలుతురు రంగు తోలులో నుంచి దూరి వస్తుంది కాబట్టి ఇవతల కూర్చున్నవాళ్లకు రంగురంగుల రాముడు, రావణుడు కనపడతారు. వెనక దీపం, మధ్యలో రంగు వేసిన పల్చని పొర, ముందు తెల్లగుడ్డ. ఈ మూడు మాటలు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడతాయి.

ఆ దీపానికి నూనె యాడిది? మన శెనక్కాయ చేన్ల గట్ల మీద వేసే ఆముదం చెట్లదే. ఆట ఆడేది బయట నుంచి వచ్చిన కుటుంబమైనా, దీపం ఊరిది. తెల్లవార్లూ రామాయణమో భారతమో నడిచేది. నిద్ర వచ్చేటప్పటికి జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులే ఎత్తి నవ్వించేవాళ్లు. కథ పురాణమైనా, మాట మన ఊరిదే.

సున్నం దీపం, బొగ్గుకడ్డీ దీపం

మన దగ్గర తోలుబొమ్మలు ఆడుతున్న కాలంలోనే యూరప్‌లో ఇంకో దారి తొక్కినారు. 1659 ప్రాంతంలో హాలండ్ దేశపు శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఒక పెట్టె చేసినాడు. లోపల దీపం, దాని ముందు బొమ్మ గీసిన గాజుపలక, దాని ముందు అద్దం. చిన్న బొమ్మ గోడ మీద పెద్దదై పడుతుంది. దాన్ని మ్యాజిక్ లాంతరు అన్నారు. ఈపొద్దు ప్రొజెక్టర్‌కి ముత్తాత అదే.

దాని బాధ ఒకటే, వెలుతురు చాలకపోవడం. నూనె దీపం పదిమందికి సరిపోతుంది, ఊరికి సరిపోదు. 1820ల్లో సున్నపుగడ్డను మండే గ్యాసు మంటతో బాగా కాల్చితే కళ్లు చెదిరే తెల్ల వెలుతురు వస్తుందని పట్టుకున్నారు. నాటకాల్లో, లాంతరు ఆటల్లో చానా ఏండ్లు ఆ సున్నం దీపమే నడిచింది. మన దేశంలో కూడా ముంబై దగ్గర కల్యాణ్‌లో మహాదేవ్ గోపాల్ పట్వర్ధన్ అనే ఆయన గాజుపలకల మీద చేత్తో బొమ్మలు గీసి, 1892 నుంచి లాంతరు ఆటలు చూపించినాడు. పురాణ కథలే చెప్పినాడు.

తర్వాత కదిలే బొమ్మ వచ్చింది. ఫ్రాన్స్‌లో లూమియేర్ అన్నదమ్ములు 1895 డిసెంబర్ 28న పారిస్‌లో టికెట్ పెట్టి ఆట చూపించినారు. ఏడాది తిరగకముందే, 1896 జూలై 7న, అదే ఆట బొంబాయిలోని వాట్సన్ హోటల్‌కి వచ్చింది. టికెట్ ఒక రూపాయి. ఆ కాలంలో రూపాయంటే కూలోనికి ఎన్నో దినాల కూలి. ఆ దీపం కూలోని కోసం వెలిగింది కాదు.

టెంటు కిందికి వచ్చిన సినిమా

దాన్ని మామూలు జనం దగ్గరికి తెచ్చింది మన దక్షిణాదివాళ్లే. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగం చేస్తున్న సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి ఆయన దగ్గర మిషన్, రీళ్లు కొని, ఉద్యోగం వదిలి, టెంటు కట్టుకుని ఊరూరూ తిరిగినాడు. మన మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో ఫోటోగ్రాఫర్. ఆయన 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే మిషన్ తెప్పించినాడు. బొమ్మతో పాటు గ్రామఫోన్ రికార్డు నుంచి శబ్దం వచ్చే మిషన్ అది. దాన్ని పట్టుకుని దేశమంతా, బర్మా, సిలోన్ దాకా తిరిగి చూపించి, తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించినాడు. తెలుగు సినిమాకి పితామహుడు అని ఆయన్ని అందుకే అంటారు.

ఆ బాటలోనే టూరింగ్ టాకీసులు వచ్చినాయి. యాభై దాటినవాళ్లందరికీ అవి తెలుసు. కోతలైపోయి, చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలంలో టెంటు లేచేది. మైకులో దేవుడి పాట పెట్టినారంటే ఆట మొదలవబోతుందని పక్క ఊరి బండ్లు కదిలేవి. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. ఆడవాళ్లకు ఒక పక్క, మగవాళ్లకు ఒక పక్క.

ఆ వెలుతురు ఎట్లా వచ్చేదో చానామందికి తెలియదు. మిషన్ వెనక పెట్టెలో రెండు బొగ్గుకడ్డీలు ఎదురెదురుగా ఉండేవి. వాటిని ఒకసారి తాకించి కొంచెం ఎడం చేస్తే మధ్యలో కరెంటు మెరుపు మాదిరి నిలబడి మండుతుంది. వెల్డింగ్ చేసేటప్పుడు చూస్తాం కదా, అదే తంతు. మండేకొద్దీ కడ్డీ అరిగిపోతుంది. ఆపరేటర్ చూసుకుంటా కడ్డీలను దగ్గరికి జరపాల. కునుకు తీసినాడంటే బొమ్మ మసకబారి, నేల తరగతి నుంచి ఈలలు. వేడికి, పొగకు ఆ గదిలో నిలబడలేరు. పాతకాలం ఫిల్ము అయితే నిప్పు తగిలితే భగ్గున లేచేది. 1950ల నుంచి అంత తేలిగ్గా అంటుకోని ఫిల్ము వాడుకలోకి వచ్చినాక ఆ భయం తగ్గింది. తర్వాత పెద్ద థియేటర్లలో బొగ్గుకడ్డీ పోయి జీనాన్ దీపం వచ్చింది. గాజుబుడ్డిలో గ్యాసు ఒత్తిడితో ఉంటుంది, పగిలితే బాంబే.

అంటే ఏమైంది? దీపం పెద్దదయ్యేకొద్దీ దాన్ని నడపడానికి జనరేటరు, లైసెన్సు, ఆపరేటరు, పెట్టుబడి కావాల్సి వచ్చింది. ఊరి ఆముదంతో వెలిగే కాలం పోయింది. బొమ్మ మద్రాసులో తయారై రీళ్ల డబ్బాలో వచ్చేది. మన పని టికెట్ కొని కూర్చోవడమే.

వ్యాను వచ్చిన రాత్రి, తర్వాత టీవీ

ఇంకో తెర కూడా ఉండేది. ప్రభుత్వ ప్రచార వ్యాను. 1948లో కేంద్రం ఫిల్మ్స్ డివిజన్ పెట్టి డాక్యుమెంటరీలు తీయించింది. చిన్న సైజు, 16 మిల్లీమీటర్ల ఫిల్ము మిషన్లు పెట్టుకుని వ్యాన్లు ఊళ్లకొచ్చి ఉత్తినే చూపించేవి. కొత్త వంగడం, ఎరువు, కుటుంబ నియంత్రణ, టీకాలు. మంచి సంగతులే. గానీ అందులో కనపడే చేను యాడిదో. నల్లరేగడి, కాలువ నీళ్లు. మన ఎర్రనేల, వానకోసం మోరెత్తి చూసే చేను ఆ తెర మీద కనపడిందా అంటే నేను చూసిన వరకు లేదు. మాట పైనుంచి కిందికి వచ్చేది, కింది మాట పైకి పోయే దారి లేదు.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలప్పుడు రంగుల టీవీ మొదలైంది. ఆ పదేండ్లలోనే వీడియో క్యాసెట్లు వచ్చినాయి. టెంట్లు ఒకటొకటి లేచిపోయినాయి. మొదట్లో ఒక్క టీవీ దగ్గర వీధంతా కూర్చున్నాం. తర్వాత ఇంటికొకటి. ఈపొద్దు మనిషికొక ఫోను. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు బొమ్మలు చూస్తున్నారు. వెలుతురు చవకయ్యేకొద్దీ కూర్చునే గుంపు చిన్నదైంది. ఇది తప్పు అనడం లేదు, జరిగింది చెప్తున్నా.

నీలం దీపం

ఇప్పుడు ఎల్‌ఈడీ దగ్గరికి వద్దాం. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ అనే ఆయన కంటికి కనపడే ఎర్ర ఎల్‌ఈడీ చేసినాడు. తర్వాత ఆకుపచ్చ వచ్చింది. నీలం మాత్రం ఎంత తిప్పలు పడినా రాలేదు. నీలం లేనిదే తెల్ల వెలుతురు లేదు. జపాన్‌లో ఇసాము అకాసాకి, హిరోషి అమానో ఒకపక్క, షూజి నకమురా ఇంకోపక్క ఏండ్ల తరబడి పనిచేసి 1990ల మొదట్లో గట్టి నీలం ఎల్‌ఈడీ సాధించినారు. ఆ నీలం మీద పసుపు పూత వేస్తే తెలుపు వస్తుంది. ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చినారు.

దాని ఫలితం మన ఇండ్లలోనే ఉంది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది. ప్రభుత్వం గుత్తగా కొన్న ఎల్‌ఈడీ బల్బు ధర 2014లో 310 రూపాయలుంటే, 2016కి 38 రూపాయలకు పడిపోయింది. రెండేండ్లలో ఎనిమిదో వంతు. బల్బుకు జరిగిందే ప్రొజెక్టర్‌కీ జరిగింది. కడ్డీ లేదు, పొగ లేదు, పేలే బుడ్డి లేదు, ఆపరేటర్ లేడు. దీపం మళ్లీ ఊరు భరించగలిగే ధరకు వచ్చింది.

నేను చూసింది

మేము చూసిన మిషన్ పదివేల లోపుది. టిఫిన్ క్యారియర్ అంత ఉంది. మొదటి రాత్రి గడ్డివాము పక్కన తెల్ల దుప్పటి కట్టి వేసినాం. ఏడు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు బొమ్మ. చీకటి పడినాక బాగానే ఉంది, రంగులు మంచిగా వచ్చినాయి. పిల్లోళ్లు గోల పెట్టినారు. ఎవరూ పిలవకుండానే ముప్పైమంది చేరినారు. చానా ఏండ్ల తర్వాత మా వీధివాళ్లందరూ ఒకే పక్కకు చూస్తా కూర్చున్నారు. అది నాకు నచ్చింది.

నచ్చనివి కూడా చెప్తా. సాయంత్రం ఆరున్నరకు వేస్తే బొమ్మ పాలిపోయి ఏమీ కనపడలేదు. వీధిలైటు కింద కూడా అంతే. నడిమధ్యలో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, మూలల్లో అలుక్కుపోయినాయి. ఫ్యాను శబ్దం ఉంది. స్పీకరు పదిమందికి మించి వినపడదు, బయట పెట్టె కావాల్సిందే. బొమ్మను ఇంకా పెద్దది చేద్దామని వెనక్కి జరిపితే వెలుతురు పల్చబడింది. వెడల్పు రెండింతలైతే అదే వెలుతురు నాలుగింతల గుడ్డకు పంచుకోవాల కదా, మడికి పారే నీళ్ల మాదిరి.

ఇప్పుడు డబ్బా మీది 9,000 ల్యూమెన్ల సంగతి. మన ఇంట్లో 9 వాట్ల బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది, అంటే వాటుకు వంద. ఈ మిషన్ మొత్తం లాగేది 65 వాట్లు. ఫ్యానును, స్పీకరును మరిచిపోయి అంతా దీపానికే పోయిందనుకున్నా 6,500. మరి 9,000 యాడ నుంచి వస్తాయి? అంతటితో అయిపోలేదు. ముందు చెప్పిన తోలుబొమ్మను గుర్తు చేసుకోండి. ఈ చవక మిషన్లలో కూడా వెనక దీపం, మధ్యలో రంగుల పొర, ముందు గుడ్డే. ఆ పొర పేరు ఎల్‌సీడీ పలక. వెలుతురు దాంట్లోకి పోయేటప్పుడే సగం పోతుంది. ఎరుపు, పచ్చ, నీలం గళ్లలో నుంచి దూరేటప్పుడు మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు పోతాయి. అంటే ఆరో వంతు మిగులుతుంది. అద్దాల్లో ఇంకా కొంత. చివరికి గుడ్డ మీద పడేది కొన్ని వందల ల్యూమెన్లే.

అందుకే కొనేటప్పుడు అడగాల్సింది "ఆన్సీ ల్యూమెన్లు ఎన్ని" అని. తెర మీద 9 చోట్ల వెలుతురు కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో గుణిస్తే వచ్చే లెక్క అది. ఆ మాట లేకుండా వేలల్లో రాసిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. అట్లాగే "4కె సపోర్ట్" అని రాస్తారు. 4కె వీడియో పెడితే ఆడుతుంది అని మాత్రమే దాని అర్థం. లోపలి పలక 1280 గళ్లు అడ్డం, 720 గళ్లు నిలువు ఉంటే మీకు కనపడేది అంతే. "నేటివ్ రిజల్యూషన్ ఎంత" అని అడగండి.

"30,000 గంటలు వస్తుంది" అన్నది కూడా దీపం మాటే. మన ఊరి దుమ్ము లోపలికి పోతే పలక మీద మచ్చలు ముందు వస్తాయి. లోపలి అద్దాల గది మూసి ఉన్న మోడల్ తీసుకోవాల. శెనక్కాయ మిషన్ ఆడే రోజుల్లో బయటికి తీయకూడదు.

కరెంటు మాత్రం భలే మిగులు. 65 వాట్లంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ నష్టంతో కలిపి ఆరేడు ఆంపియర్లు. రెండు గంటలకు పద్నాలుగు లోపే. ట్రాక్టర్ బ్యాటరీతో కరెంటు లేని రాత్రి కూడా నడుస్తుంది.

పురుగు చెప్పిన మాట

మూడో రాత్రి జరిగింది చెప్పాల. అంతకుముందు రోజు వాన పడింది. తెల్ల దుప్పటి మీదికి రెక్కల పురుగులు వచ్చి వాలినాయి. ముందు రెక్క గోధుమరంగు, వెనక రెక్క తెలుపు మీద నల్లచుక్కలు. ఎర్ర గొంగళిపురుగు తల్లి అది, మనందరికీ తెలిసిందే. తొలకరి వానకు భూమిలో నుంచి లేచి దీపానికి వస్తుంది, తర్వాత ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు మన పెద్దలు గట్ల మీద మంటలు వేసింది దీని కోసమే.

మా మేనల్లుడు పొద్దున్నే చేనుకు పోయి, ఆకు తిప్పి గుడ్ల గుంపును ఫోనులో ఫోటో తీసుకొచ్చినాడు. నాలుగో రాత్రి దాన్ని దుప్పటి మీద వేసినాం. ఆవగింజంత లేని గుడ్లు చింతకాయంత కనపడినాయి. కలుపుకు పోయే ఒక అక్క లేచి "ఇవా, నేను రెండు చేన్లలో చూసినా, ఏమో అనుకున్నా" అంది. ఏ చేన్లో అనింది కూడా చెప్పింది. మరుసటి పొద్దున ఆరుమంది పోయి ఆ ఆకులు తెంపి నాశనం చేసినారు. గుడ్ల దశలో తెంపితే అయ్యే పని, పురుగు పెరిగి పెద్దదైనాక మందుకు కూడా తేలిగ్గా లొంగదు.

టీవీలో వచ్చే వ్యవసాయ కార్యక్రమం మంచిదే, గానీ అందులో ఈ అక్క మాట్లాడే వీలు లేదు. ఈ దారి కొత్తది కూడా కాదు. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలైన డిజిటల్ గ్రీన్ అనే పని ఇదే. ఆ ప్రాంత రైతులతోనే వీడియో తీసి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్‌తో పక్క ఊరి రైతులకు చూపించి, మధ్యలో ఆపి మాట్లాడించేవాళ్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయానికి కూడా ఇట్లా చూపించినారు. మధ్యలో ఆపి మాట్లాడించడంలోనే అసలు ఉపయోగం ఉంది.

కొనాలంటే నా షరతులు

సినిమాలకు, క్రికెట్‌కే అయితే సంఘం డబ్బు పెట్టొద్దని నా మాట. దానికి టీవీలు చాలు. కొంటే ఈ నాలుగు ఒప్పుకుందాం.

ఒకటి, అమ్మేవాడు రాత్రి ఏడున్నరకు మన బడి గోడ మీద వేసి చూపించాల. దుకాణంలో చీకటి గదిలో చూసి కొనొద్దు.

రెండు, రచ్చకట్ట దగ్గర కాదు, బడి ఆవరణలో వేయాల. రచ్చకట్టకు ఆడవాళ్లు రారు. చేన్లో ఆకు తిప్పి చూసేది వాళ్లే. వాళ్లు లేని తెర మనకు సగమే. కౌలుకు చేసేవాళ్లను, కూలికి పోయేవాళ్లను కూడా పిలవాల. నేల, బెంచి, కుర్చీ వద్దు, అందరికీ చాపే.

మూడు, ఏ ఆటకైనా ముందు పదినిమిషాలు మన చేన్ల ఫోటోలు. ఎవరి చేను అని పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, అప్పులోళ్లు వింటారని భయపడేవాళ్లు ఉంటారు.

నాలుగు, మిషన్ ఎవరి ఇంట్లో ఉంటుంది, ఎవరు తుడుస్తారు, చెడిపోతే ఎవరు తీసుకుపోతారు అని ముందే రాసుకోవాల. లేకపోతే అది ఒక ఇంటి టీవీ అయి కూర్చుంటుంది.

వచ్చే సంఘం మీటింగులో ఈ మాట తేల్చుకుందాం. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, కోపం లేదు. ఈలోపల చేన్లో ఏ మచ్చ, ఏ పురుగు కనపడినా ఆకు అడుగుభాగం దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టుకోండి. పొద్దున ఎండ ఎక్కక ముందు తీస్తే బాగా వస్తుంది.